కొంగుముడిలో చిల్లర

'చిల్లర' అన్న మాటను మనం ఎంత చులకనగా వాడతామో గమనించారా? చిల్లర మనిషి, చిల్లర బుద్ధి, చిల్లర తగాదాలు అంటూ ఉంటాం. కాని కూరలబండి గుమ్మం ముందు ఆగినప్పుడు చేతిలో చిల్లర లేకపోతే ఎంత అవస్థో మనకే తెలుసు. ఇంటికి వచ్చే జీతానికి మగవారే లెక్క చూసుకునే రోజుల్లో, ఎవరికీ జవాబు చెప్పనక్కర లేకుండా ఆడవారి చేతిలో మిగిలింది ఈ చిల్లరే. కొంగుముడిలోనో, పోపులపెట్టె అడుగునో దాగిన ఆ డబ్బుకూ ఒక చరిత్ర ఉంది.

పూర్వం మూడు దమ్మిడీలు ఒక కాణీ, నాలుగు కాణీలు ఒక అణా, పదహారణాలు ఒక రూపాయి. 'పదహారణాల తెలుగు ఆడపడుచు' అన్న మాట ఆ లెక్కలోంచి వచ్చిందే. నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణలో హాలీ సిక్కా చెలామణి అయ్యేది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. సరిహద్దు దాటి చుట్టాలింటికి వెళ్ళే ఇల్లాలికి రెండు లెక్కలూ తెలిసి ఉండాలన్నమాట!

రెండో ప్రపంచ యుద్ధంలో చిల్లరకే కరువొచ్చింది. జనం వెండి రూపాయలు దాచుకోవడం మొదలుపెట్టారు. అవసరానికి మించి రూపాయి నాణేలు పోగుచెయ్యడం నేరమని 1940లో ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. లోహం ఆదా చెయ్యడానికి 1943లో నడుమ చిల్లుపెట్టిన కాణీ వేశారు. కొన్ని సంస్థానాలైతే చిన్న అట్టముక్కల మీద కూపన్లు అచ్చువేసి చిల్లరకు బదులు ఇచ్చాయి.

ఆ తర్వాత 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. రూపాయికి 100. పావలాకు 25, అర్ధరూపాయికి 50 సరిగ్గా సరిపోయాయి. అందుకే ఆ పేర్లు చాలాకాలం మన నోళ్ళలో నిలిచాయి. చిక్కంతా చిన్న బేరాలకే. కాణీ విలువ ఒకటిన్నర నయాపైసల పైచిలుకు, కట్టవలసింది రెండు. అణా అయితే ఆరు. నాలుగు కాణీల సరుకు విడివిడిగా కొంటే ఎనిమిది నయాపైసలు, ఒక్కసారిగా కొంటే ఆరే! ఈ కిటుకు గ్రహించిన ఇల్లాలి లెక్కను చిల్లర లెక్క అనగలమా? 1964లో 'నయా' పోయి, ఉత్త పైసే మిగిలింది.

ధరలు పెరిగేకొద్దీ ఆ పైసలూ వెనకబడ్డాయి. 2011 జూన్ 30తో పావలా, అంతకంటె చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చట్టప్రకారం చెల్లుతున్నా, అంగళ్ళలో తీసుకునేవారు అరుదు. చిల్లర లేదంటూ దుకాణదారు చేతిలో చాక్లెట్టు పెట్టడం మనందరికీ అనుభవమే. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు, ఆడవారు గుట్టుగా దాచుకున్న డబ్బు ఎన్నో ఇళ్ళలో నలుగురి ఎదుటికీ వచ్చింది. ఆ నాలుగు రోజులూ ఇల్లు గడిపింది మాత్రం డబ్బాలో ఉన్న చిల్లరే.

ఇప్పుడు ఫోనుతో పైసలతో సహా చెల్లిస్తున్నాం. చిల్లర కోసం వెతుకులాట తప్పింది, సంతోషమే. అయితే ఒక్క మాట ఆలోచించండమ్మా! మిగిలే చిల్లర లేనప్పుడు పోపులపెట్టెలోకి చేరేదేమిటి? ఫోనులో ప్రతి ఖర్చుకూ జాడ ఉంటుంది. ఖాతా ఇంటాయన పేరున ఉంటే ఆ జాడ ఆయనకే తెలుస్తుంది. కనుక మీ పేరున ఒక చిన్న ఖాతా తెరవండి. వెనకటి వారు కొంగున ముడివేసినట్టే, నెలనెలా ఎంతో కొంత అందులో వేసుకోండి. ఆ మొత్తాన్ని ఎవరైనా చిల్లర అంటే, అననివ్వండి!