ఇంజిన్‌కు ఊరికే వచ్చిన పేరు: బొల్లారం చలిలో తలుపుల్లేని బండ్లు

బ్యాటరీ ఆటోలు, స్కూటర్లు రోడ్డెక్కాక ఒక మాట స్థిరపడిపోయింది. పెట్రోలు బండిలో ఇంజిన్ వేడి ఉండేదని, చలికాలంలో అది ఒంటికి తగిలేదని, కరెంటు బండి వచ్చి ఆ కాస్త వెచ్చదనాన్నీ పట్టుకుపోయిందని. మూసి ఉన్న కారు విషయంలో ఇందులో నిజముంది. అందులో హీటరు నడిచేది ఇంజిన్ పారబోసే వేడితోనే. కారుకు చెందిన ఆ చరిత్రను తలుపుల్లేని బండికి అంటగట్టడంలోనే పొరపాటు ఉంది. బొల్లారానికి వచ్చిపోయిన బండ్లను వరసగా పరిశీలిస్తే తేలేది వేరు. ఇక్కడ ప్రయాణికుణ్ణి చలి నుంచి కాపాడింది ఇంజిన్ కాదు, గాలికి అడ్డం నిలిచిన బట్ట.

బొల్లారం చల్లదనం గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. సికింద్రాబాద్ శివార్లలో, బ్రిటిష్ కాలపు హైదరాబాద్ కాంటింజెంట్ దండు విడిసిన చోటు ఇది. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి, 1860లో కట్టి తర్వాత రాష్ట్రపతి నిలయమైన రెసిడెంటు విడిది ఆ కాలపు గుర్తులు. రాష్ట్రపతులు దక్షిణాది విడిదికి వచ్చేదీ ఎక్కువగా చలికాలంలోనే. జంటనగరాల్లో జనవరి రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 15 డిగ్రీల చుట్టూ ఉంటుంది. 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకు పడిపోయింది. చెట్లూ ఖాళీ జాగాలూ ఎక్కువున్న కంటోన్మెంటు అంచున తెల్లవారుజామున చలి ఇంకో పిసరు ఎక్కువే.

ఝట్కా రోజులను త్వరగా దాటేయవచ్చు. బండి అడుగున గడ్డి పరిచి, పైన జంపఖానా వేసి, మీద గూడు కప్పేవారు. గడ్డిలో చిక్కుకున్న గాలి కింది నుంచి, గూడు పక్కల నుంచి చలిని ఆపేవి. రిక్షా వచ్చాక లెక్క తిరగబడింది: తొక్కేవాడికి చెమట, ఎక్కినవాడికి వణుకు. వాళ్లిద్దరికీ, ఊళ్లో గొర్లకాపరికీ అక్కరకొచ్చిన వస్త్రం గొంగడి. నల్ల దక్కనీ గొర్రె బొచ్చు వడికి, చింతగింజల గంజి పట్టించి కురుమలు నేసే ఈ కంబళి మెత్తగా ఉండదు, గరుకుగా బిర్రుగా ఉంటుంది. ఆ బిర్రుతనమే దాని బలం. మెత్తటి శాలువాను గాలి ఒంటికేసి నొక్కేస్తుంది; గొంగడి మాత్రం తన ఆకారం నిలుపుకుని, ఒంటికీ బట్టకీ నడుమ గాలి పొరను కదలనివ్వదు.

అసలు వివాదం స్కూటర్లు, ఆటోల కాలానిది. 1970ల నుంచి ఈ శతాబ్దం మొదటి ఏళ్ల దాకా. ఇంజిన్ వెచ్చదనం గురించి చెప్పేవారి సాక్ష్యమంతా ఈ కాలం నుంచే వస్తుంది కాబట్టి నిదానంగా చూడాలి.

మొదట స్కూటరు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్‌లో ఇంజిన్ కుడిపక్కన, వెనక చక్రం దగ్గర, రేకు డొప్ప కింద ఉండేది. నడిపేవాడి చేతులు, ఛాతీ, మోకాళ్లు గాలికి ఎదురుగా ముందు, వేడి వెనక. ఫ్యాను ఊదిన వేడిగాలి ఇంకా వెనక్కి పోయేది. వెనక సీట్లో చీర కట్టుకున్నావిడ కాళ్లు ఎడమ పక్కకి వేసుకుని కూర్చునేది, ఇంజిన్ కుడి పక్కన. ఆ వేడి ఏదైనా తగిలితే అటూ ఇటూ కాళ్లేసి కూర్చున్నవారి కుడి పిక్కకే. మోటారు సైకిలు సంగతి కొంత వేరు. సిలిండరు మోకాళ్ల మధ్యే ఉంటుంది కాబట్టి ముంగాళ్లకు వెచ్చగా తగులుతుంది. కాని చలికి ముందు కొంకర్లుపోయేవి వేళ్లు, ముంగాళ్లు కావు.

ఇక ఆటో. వెనక ఇంజిన్ ఆటోలో వేడి పుట్టేది ప్రయాణికుడి వెనక. బండి ముందుకు పోతుంటే వేడి రోడ్డు పాలు. ముందు ఇంజిన్ ఆటోల డ్రైవర్లకు మాత్రం మినహాయింపు ఇవ్వాల్సిందే. ఇంజిన్ వాళ్ల దగ్గరే ఉండేది, సెగ తగిలేది. ఎండాకాలంలో అదే వేడికి వాళ్లు ఉడికిపోయిన సంగతిని మాత్రం ఆ వెచ్చదనాన్ని తలుచుకునేవాళ్లు చెప్పరు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం జనం వేసుకున్న బట్టలు. ఇంజిన్ నిజంగా వెచ్చదనం ఇచ్చి ఉంటే రిక్షా నుంచి ఆటోకి, సైకిలు నుంచి స్కూటరుకి మారినవాళ్లు కప్పుకునేది తగ్గాలి. జరిగింది అందుకు తలకిందులు. వేగం పెరిగినకొద్దీ మంకీ క్యాపు, మఫ్లరు, గ్లవ్స్, చెవులకు దూది వచ్చి చేరాయి. స్వెటరు లోపల ఛాతీ మీద మడిచిన దినపత్రిక పెట్టుకుని పొద్దున్నే డ్యూటీకి పోయినవాళ్లు ఎందరో. కాగితానికి సొంత వేడి లేదు. స్వెటరు అల్లికలోంచి దూరే గాలిని ఆపుతుంది, అంతే. ఆటోల పక్కన వేలాడే రెగ్జిన్ తెరలు వానకోసం పుట్టినా చలికీ పనికొచ్చాయి. బండి నడిచేది పెట్రోలుతోనా, గ్యాసుతోనా, బ్యాటరీతోనా అని ఆ తెరకు పట్టింపు లేదు.

అమెరికా, కెనడా 2001లో తీసుకొచ్చిన గాలి చలి సూత్రం ప్రకారం 10 డిగ్రీల్లో గంటకు 40 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి సుమారు 6 డిగ్రీల చలిలా ఉంటుంది. నడిచే మనిషి ముఖాన్ని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క అది. స్కూటరు హ్యాండిల్ పట్టుకున్న వేళ్లకు యథాతథంగా వర్తింపజేయకూడదు. అయినా దాని దిశ స్పష్టమే: శత్రువు గాలి.

కరెంటు బండి నిన్నగాక మొన్న పుట్టిందనుకోవడమూ సరికాదు. 1897లోనే వాల్టర్ బెర్సీ బ్యాటరీ క్యాబులు లండన్‌లో తిరిగాయి. టాపు లేని తొలి మోటారు కార్లలో, అవి ఏ శక్తితో నడిచినా, జనం ఒళ్లో రగ్గు కప్పుకుని, కాళ్ల దగ్గర నిప్పుల పెట్టె పెట్టుకునే తిరిగారు. ఇంజిన్ హీటరుకు విలువ వచ్చింది కారుకు నాలుగు పక్కలా గోడలు వచ్చాకే.

ఇప్పటి బండికే గోడల్లేకుండా హీటరు పెడితే? మహీంద్రా ట్రియో ఆటో బ్యాటరీ 7.37 కిలోవాట్ అవర్లు. ఆటో ముందుభాగం ఒకటిన్నర చదరపు మీటర్లనుకుంటే, 30 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పన్నెండు ఘనపు మీటర్లకు పైగా గాలి ఎదురొస్తుంది. అందులో పదో వంతే లోపలికి దూరిందనుకున్నా, దాన్ని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి ఒకటిన్నర కిలోవాట్లు కావాలి. ఐదు డిగ్రీలు పెంచితే గంటలో బ్యాటరీ ఖాళీ, చక్రాలకు ఏమీ మిగలదు. అదే సీటుకు 50 వాట్ల వేడి తీగ వేస్తే గంటకు బ్యాటరీలో నూటికి ఒక పాలు కూడా ఖర్చు కాదు. ఖరీదైన టాపు లేని కార్లు ఈ దారే పట్టాయి. 2004లో మెర్సిడెస్ మెడ దగ్గర వేడిగాలి ఊదే ఏర్పాటు చేసింది. 2008 నాటి టెస్లా రోడ్‌స్టర్‌కు వేడి సీట్లున్నాయి. గాలిని వదిలేసి ఒంటిని పట్టుకోవడం, ఇదే సూత్రం.

ఈ సూత్రం బొల్లారం రోడ్డు మీదికి రాలేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 దాకా కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేసింది, మంచిదే. చేతక్ పేరు 2020లో కరెంటు స్కూటరుగా తిరిగొచ్చింది. కంపెనీల ప్రకటనల్లో కిలోమీటర్లున్నాయి, చార్జింగు నిమిషాలున్నాయి, ఫోన్ యాప్ ఉంది. తెల్లవారుజామున స్టేషను దగ్గర కిరాయికి నిలబడే డ్రైవరుకు సరైన పక్క తెర మాత్రం బయట కొనుక్కోవాల్సిందే. ఆ తెర అద్దాన్ని మూసేస్తే వెనక వచ్చే లారీ కనబడదు. ప్లాస్టిక్ తెర ఒక ఎండాకాలానికే మసకబారుతుంది. అద్దాన్ని మూయని, మసకబారని తెర చేయడం, చేయదలిస్తే, కంపెనీకి పెద్ద పనేమీ కాదు. బజారు వేడి సీటు కవర్లను గుడ్డిగా బిగించుకోమని మాత్రం నేను చెప్పను. ఆటో బ్యాటరీకి నాసిరకం తీగ తగిలించడం చలికన్నా ప్రమాదం.

గొంగడి సంగతి ఇంకా బాధాకరం. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు రకం గొర్రెలు పెరిగినకొద్దీ నల్ల దక్కనీ మందలు పలచబడ్డాయి, మగ్గాలూ తగ్గాయి. ఇప్పుడు గొంగడిని గోడకు తగిలించే కళాఖండంగా అమ్ముతున్నారు. నేతగాడికి నాలుగు డబ్బులొస్తే కాదనను. కాని గాలిని ఆపడంలో ఇంతటి నేర్పున్న వస్త్రం గోడనెక్కి, దాన్ని కప్పుకుని తిరగాల్సిన ఆటో డ్రైవరు చిరిగిన ఫ్లెక్సీ కప్పుకుంటున్నాడంటే మన ప్రగతి లెక్కలో ఒక పద్దు తప్పినట్టే. ఆ తప్పును బ్యాటరీ మీదికి నెట్టడం తేలిక. ఆ తప్పు బ్యాటరీ చేసిందీ కాదు, పాత ఇంజిన్ దిద్దిందీ కాదు. ఆటో తయారుచేసేవాళ్లు, పన్ను మాఫీ చేసేవాళ్లు కలిసి పక్క తెరను కూడా హెడ్‌లైటు లాగా బండిలో భాగంగా లెక్కేసిన రోజు ఈ చరిత్ర సరైన మలుపు తిరుగుతుంది.