నీటిలోని బలము

కాలువకు వచ్చు క్రొత్తనీరు పైరు దప్పి తీర్చుటయే కాక పొలమునకు బలమును గూడ నిచ్చునని కృష్ణా డెల్టా రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. 1832–33 నాటి గుంటూరు కఱవు తరువాత, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది. నాటినుండి పామర్రు వైపు పల్లెలకు కాలువలు నీటితోపాటు ఒండ్రును మోసికొని వచ్చినవి.

ఆ బలమేమిటో శాస్త్రజ్ఞులు మొక్కలను నీటిలోనే పెంచి కనుగొనిరి. 1699లో ఇంగ్లండున జాన్ వుడ్‌వర్డ్ పుదీనా మొక్కలను వాననీటిలోను, నదీజలములోను, మట్టి కలిపిన నీటిలోను పెంచి చూచెను. తేటనీటికంటె మట్టినీట మొక్క ఏపుగా నెదిగెను. 1860 ప్రాంతమున జర్మనీలో సాక్స్, క్నోప్ అను పండితులు నత్రజని, భాస్వరము, పొటాషియము మున్నగువాని లవణములను నీట కరగించి, మట్టి లేకయే మొక్కలను పెంచిరి. నేటి హైడ్రోపానిక్స్ సేద్యమునకు అదియే పునాది. అందు నీటి పి.హెచ్. సాధారణముగా 5.5కును 6.5కును నడుమ నుండవలెను. లవణములు తక్కువైన ఆకు పాలిపోవును. ఎక్కువైన వేరు మాడును.

మన మాగాణికిని ఇదియే న్యాయము. 1967లో నాగార్జునసాగరము, పిదప శ్రీశైలము నీరు నిలుపుట మొదలైన తరువాత, ఒండ్రులో అధికభాగము జలాశయములయందే ఆగిపోవుచున్నది. నీరు తేటపడినది, తగ్గిన బలమును రైతు ఎరువుల బస్తాలతో కొనుచున్నాడు. సముద్రతీరపు శివారు భూములలో మంచినీరు చాలనప్పుడు ఉప్పు పైకి తేలుచున్నది. కావున కాలువకు నీరెంత వచ్చినదని విచారించుటతో మన పని తీరదు. ఆ నీటిలో ఏమున్నదో, మన మట్టిలో ఏమి కొఱవడినదో పరీక్ష చేయించి తెలిసికొనవలెనని మేము శ్రోతలకు మనవి చేయుచున్నాము.