కట్ట మీది నడక: భరత్‌పూర్ కేవలాదేవ్ చిత్తడినేల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ జాతీయోద్యానంలో సందర్శకులు నడిచే చదునైన దారులు మూడు వేర్వేరు చారిత్రక దశలలో రూపొందినవి. నీటిని నిలపడానికి, పక్షులను వేటాడడానికి, పక్షులను కాపాడడానికి ఒకే కట్ట వరుసగా ఉపయోగపడింది. ప్రతి దశలోనూ ఆ కట్ట మీద ఎవరు నడవవచ్చు, ఎవరు నడవకూడదు అనే నిర్ణయం జరిగింది. ఆ నిర్ణయాల క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: చిత్తడినేల, కట్ట, వేట, శాసనం, మేత హక్కు, అభయారణ్యం.

1. ఉపోద్ఘాతం

చెరువు కట్ట మీద నడవడం తెలుగువారికి కొత్త కాదు. ఒక ప్రక్క నీరు, మరొక ప్రక్క ఆయకట్టు, నడుమ ఎత్తుపల్లాలు లేని దారి. ఆ దారిని మనం 'కట్ట' అంటాం. కట్టినది గనుక కట్ట. అది నేల తనంతట తాను ఇచ్చిన బాట కాదని ఆ మాటే చెబుతుంది. చిత్తడినేలల అభయారణ్యాలలో ఆయాసం లేకుండా గంటల తరబడి నడిచే సందర్శకునికి ఈ సంగతి తట్టదు. కొండ ఎక్కేవాడికి ప్రతి అడుగూ నేలను గుర్తుచేస్తుంది. చదును నేల మీద నడిచేవాడి చూపంతా పక్షుల మీదనే ఉంటుంది, కాళ్ళ క్రింది దారి అతనికి ప్రశ్న కాదు.

ఆ దారినే ప్రశ్నగా తీసుకొంటే ఏమి తెలుస్తుంది? ఈ పరిశీలనకు కేవలాదేవ్ అన్ని విధాలా తగిన స్థలం. సుమారు 29 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఈ ఉద్యానం గంగా మైదానపు అంచున ఉంది. అందులో దాదాపు మూడో వంతు నీటి ముంపు భూమి, తక్కినది పచ్చిక, పొదలు, చెట్లు. ప్రధాన ద్వారం నుండి లోపలి కేవలదేవుని ఆలయం వరకు సాగే బాటలో ఎక్కడా చెప్పుకోదగిన ఎత్తు లేదు. సందర్శకులు కాలినడకన, సైకిళ్ళపై, రిక్షాలలో తిరుగుతారు. రిక్షా నడిపేవారిలో పలువురు పక్షులను పేరుపేరునా చూపించగల మార్గదర్శకులు కూడా.

2. పల్లం, కట్ట, నీరు

ఈ ప్రదేశం మొదట సహజమైన పల్లపు భూమి. 18వ శతాబ్దిలో భరత్‌పూర్ పాలకుడు సూరజ్‌మల్ గంభీర్, బాణగంగ నదుల సంగమం వద్ద అజాన్ కట్టను నిర్మించిన తరువాతనే ఈ పల్లంలో నీరు క్రమంగా నిలవడం మొదలైంది. నేడు ప్రపంచ ప్రసిద్ధమైన ఈ చిత్తడినేల మానవ నిర్మిత జలవ్యవస్థ ఫలితమన్నమాట. కేవలాదేవ్ అనే పేరు ఆలయంలోని శివుని నుండి వచ్చింది. స్థానికులు వాడే 'ఘనా' అనే మాట దట్టమైన చెట్ల గుబురును సూచిస్తుంది. ఈ రెండు పేర్లలోనూ పక్షి లేదు. ఒకటి దేవుని పేరు, రెండవది అడవి పేరు.

ఉద్యానంలోని దారుల కూడలికి సపన్ మోరీ అని పేరు. మోరీ అంటే నీరు పారే మార్గం. తెలంగాణ పాఠకునికి ఈ మాటకు వేరే వివరణ అక్కరలేదు. దారులు కలిసే చోటికి నీటి మార్గం పేరు ఉండడం గమనార్హం. ఇక్కడ బాటకూ నీటి నియంత్రణకూ ఉన్న బంధాన్ని ఆ స్థలనామం భద్రపరిచింది.

3. వేట కోసం వేసిన దారులు

19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది ఆరంభంలో భరత్‌పూర్ సంస్థానం ఈ పల్లాన్ని బాతుల వేటకు అనువుగా తీర్చిదిద్దింది. చిన్న కట్టలతో నీటిని మడులుగా విభజించారు. తూములతో మడులలోని నీటి మట్టాన్ని అదుపు చేశారు. కట్టల మీద నల్లతుమ్మలు పెంచారు. అతిథులు బూట్లు తడవకుండా తమ తమ స్థానాలకు చేరడానికి ఆ కట్టలే బాటలయ్యాయి. నేటి సులభమైన నడక మొదట వేటగాని సౌకర్యం.

ఆలయ సమీపంలోని ఇసుకరాతి ఫలకం దీనికి ప్రత్యక్ష సాక్ష్యం. వేట జరిగిన తేదీ, ముఖ్య అతిథి, తుపాకుల సంఖ్య, కూలిన పక్షుల సంఖ్య అందులో వరుసగా చెక్కి ఉన్నాయి. 1902లో లార్డ్ కర్జన్ వేట మొదలుకొని ఆ జాబితా సాగుతుంది. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో గౌరవార్థం జరిగిన వేటలో ఒక్క రోజే 4,273 పక్షులు నేలకూలాయి.

శాసన పరిశోధన చేసేవారు ఈ ఫలకాన్ని మన చెరువు శాసనాల ప్రక్కన పెట్టి చూడాలి. కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనం (క్రీ.శ. 1369) విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూర త్రవ్వించిన చెరువును గురించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను అది వివరిస్తుంది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు శ్రమించిన సంగతిని కూడా నమోదు చేస్తుంది. రెండు శాసనాలూ నీటి ఒడ్డున నిలిచినవే. రెండూ అంకెలను రాతిపై శాశ్వతం చేసినవే. ఒకటి కట్టినవారి శ్రమను లెక్కించింది, మరొకటి కూలిన ప్రాణులను లెక్కించింది. భరత్‌పూర్ ఫలకంలో కట్టలు మోసిన కూలీలు లేరు. పక్షులను నీటిపై నుండి లేపినవారు, కూలినవాటిని ఏరి తెచ్చినవారు అసలే లేరు. ఎవరి రాకను రాతిపై చెక్కాలి, ఎవరి శ్రమను వదిలివేయాలి అన్నది ఏ శాసనంలోనైనా అధికార నిర్ణయమే.

4. వేట నుండి రక్షణకు

స్వాతంత్ర్యానంతరం ఈ నీటిని తోడివేసి భూమిని సాగుకు ఇవ్వాలనే కోరిక బలంగా వినిపించింది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ నాటి ప్రధాని నెహ్రూ దృష్టికి ఈ విషయాన్ని తీసుకువెళ్ళడంతో చిత్తడినేల నిలిచింది. 1956లో పక్షి సంరక్షణ కేంద్రమైంది. అయినా మాజీ పాలకుని వేట హక్కు 1972 వరకు కొనసాగింది. పదహారేళ్ళపాటు ఒకే కట్ట మీద సంరక్షణ, వేట రెండూ నడిచాయి. రామ్‌సార్ చిత్తడినేలగా 1981లో, జాతీయోద్యానంగా 1982లో, ప్రపంచ వారసత్వ స్థలంగా 1985లో గుర్తింపులు వరుసగా వచ్చాయి.

ఈ క్రమంలో నేలపై మార్పు స్వల్పం. అవే కట్టలు, అవే తూములు, అవే తుమ్మలు. తుపాకీ స్థానంలో దుర్భిణి వచ్చింది. రాజు అతిథి స్థానంలో టికెట్టు కొన్న సందర్శకుడు వచ్చాడు. పక్షుల వైపు నుండి చూస్తే ఇది అపారమైన మేలు. కాని ఆ కట్టల మీద అప్పటికే నడుస్తున్న మూడవ వర్గం ఒకటుంది. వేట చరిత్రలో గాని, రక్షణ చరిత్రలో గాని దానికి చోటు దక్కలేదు.

5. 1982: గేదెల నిష్క్రమణ

పరిసర గ్రామాల పశువులు, ముఖ్యంగా గేదెలు, తరతరాలుగా ఈ పల్లంలో మేసేవి. జాతీయోద్యాన ప్రకటనతో 1982 చివర మేత నిషిద్ధమైంది. గ్రామస్థులు ప్రతిఘటించారు. పోలీసు కాల్పులలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. నేడు ఉద్యానం చుట్టూ ఉన్న సుమారు రెండు మీటర్ల ఎత్తైన ప్రహరీకి ఆవలనే పశువుల దారి ఆగిపోయింది.

తరువాత జరిగినది చరిత్రకారునికి మరింత ముఖ్యం. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1980లలో ఇక్కడ దీర్ఘకాలిక అధ్యయనం నిర్వహించి, 1991లో నివేదిక సమర్పించింది. నీటిపై పాకే పాస్పాలం జాతి గడ్డిని అదుపులో ఉంచినవి గేదెలేనని, మేత ఆగిన తరువాత ఆ గడ్డి దట్టంగా అల్లుకొని పక్షులకు కావలసిన నీటి జాగాను ఆక్రమించిందని ఆ అధ్యయనం తేల్చింది. గ్రామస్థులు గడ్డి కోసుకొనిపోవడానికి ఆ తరువాత అనుమతులు ఇచ్చారు. పశువు చేసిన పనిని మనిషి కొడవలితో చేయవలసి వచ్చింది.

నిషేధాన్ని కోరినవారి ఉద్దేశం చెడ్డది కాదు. ప్రకృతి అంటే మనిషి, పశువు లేని చోటు అన్న భావన వారిని నడిపించింది. ఈ నేల పుట్టుకే ఆ భావనను కాదంటుంది. కట్ట లేనిదే నీరు లేదు, మేత లేనిదే తెరచిన నీటి జాగా లేదు.

6. నీరు రాని కట్ట

2000 తరువాత మరొక సమస్య తలెత్తింది. ఎగువన కరౌలీ జిల్లాలో గంభీర్‌పై ఉన్న పాంచనా ఆనకట్ట నుండి రావలసిన నీరు తగ్గిపోయింది. ఎగువ రైతుల అవసరం ఒక ప్రక్క, దిగువ పక్షుల అవసరం మరొక ప్రక్క. గోవర్ధన్ కాలువ నుండి గొట్టాల ద్వారానూ, చంబల్ పథకం నుండీ నీరు తేవలసి వచ్చింది. 1964–65లో ఇక్కడికి దాదాపు 200 సైబీరియా కొంగలు వచ్చాయి. 2001–02 శీతకాలంలో చివరి జంట కనిపించింది. సుదూర వలస మార్గంలో వేట, ఆవాస నష్టం వాటి అదృశ్యానికి ముఖ్య కారణాలు గనుక ఆ నష్టాన్ని భరత్‌పూర్‌కే అంటగట్టరాదు. అయితే కట్ట ఉన్నంత మాత్రాన చిత్తడినేల ఉన్నట్టు కాదని ఈ దశాబ్దాలు నిరూపించాయి.

7. కొల్లేరుతో పోలిక

కట్ట అర్థం స్థలాన్ని బట్టి తలక్రిందులు కావచ్చు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సార్ స్థలంగా గుర్తింపు పొందిన కొల్లేరులో కట్టలు సరస్సుకు ఊపిరి పోయలేదు. చేపల చెరువుల గట్లు నీటి పారుదలకు అడ్డమయ్యాయి. 2006లో ప్రభుత్వం వాటిని కొట్టివేయించింది. భరత్‌పూర్‌లో కట్ట సంరక్షణకు ఆధారం, కొల్లేరులో కట్ట విధ్వంసానికి చిహ్నం. సామ్యం వేరే చోట ఉంది. రెండు చోట్లా సంరక్షణ నిర్ణయం మొదట తాకినది నేలను నమ్ముకొన్న గ్రామస్థుల జీవికనే.

8. ముగింపు

కేవలాదేవ్ బాట మీది నడక నిజంగానే సులభం. వృద్ధులు, పిల్లలు, కొండలెక్కలేనివారు కూడా వేలాది పక్షుల నడుమ నడవగలగడం ఆ బాట చేసిన మేలు. దానిని తక్కువ చేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. ఆ సులభత్వానికి ఒక చరిత్ర ఉందనీ, దాని మూల్యాన్ని అందరూ సమానంగా చెల్లించలేదనీ గుర్తించడమే ఉద్దేశం. రాజు నీటి కోసం కట్టించాడు, అతిథి వేట కోసం నడిచాడు, సందర్శకుడు వినోదం కోసం నడుస్తున్నాడు. గేదెను తోలుకొని నడిచినవాడు మాత్రం గోడకు ఆవల ఉన్నాడు. వేట లెక్కలకు రాతి ఫలకం ఉంది. అతని నడకను నమోదు చేసే పని మౌఖిక చరిత్ర, స్థలనామ పరిశోధన, గ్రామీణ వృత్తిపదజాల సేకరణ చేపట్టవలసినదిగా మిగిలి ఉంది. మన చెరువుల విషయంలోనూ ఆ పని అంతే అవసరం.