కుంగ్‌ఫూ నేర్పింది బోధిధర్ముడేనా?

షా బ్రదర్స్ వారి "థర్టీ సిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్" (1978), జెట్ లీ నటించిన "షావోలిన్ టెంపుల్" (1982) లాంటి సినిమాలు చైనాలోని ఆ బౌద్ధ మఠం పేరు ప్రపంచమంతా మోగించాయి. ఆ విద్య నేర్పింది మన కంచి రాకుమారుడు బోధిధర్ముడే అని ఇటువైపు గర్వంగా చెప్పుకుంటారు. హాంకాంగ్ వాళ్లు 1994లో ఆయన మీదే సినిమా తీశారు. 2011లో సూర్య నటించిన "ఏళాం అరివు", తెలుగులో "సెవెన్త్ సెన్స్", వచ్చాక చాలామందికి ఇది చరిత్రే అయిపోయింది. కంచికి దగ్గరున్న మా పుదుచ్చేరిలో కాదంటే కోపాలొస్తాయి.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పని చేసి రిటైరైనవాణ్ణి. పద్దు చూపిస్తే వోచర్ ఏది, దాని తేదీ ఏది అని అడగడం అలవాటు. ఇక్కడా అదే అడుగుదాం.

బోధిధర్ముణ్ణి ప్రస్తావించిన తొలి గ్రంథం 547 ప్రాంతంలో యాంగ్ షువాన్‌జీ రాసింది. అందులో ఆయన పర్షియా భిక్షువు. 645లో దావోషువాన్ దక్షిణ భారత బ్రాహ్మణుడన్నాడు. రెండింటిలోనూ కంచి పేరు లేదు, కుంగ్‌ఫూ ఊసూ లేదు. షావోలిన్ మఠం కట్టించింది కూడా 495 ప్రాంతంలో, బతువో అనే వేరే భారతీయ భిక్షువు కోసం.

17వ శతాబ్దం మొదట్లో చెంగ్ జోంగ్‌యూ షావోలిన్ కర్రసాము మీద పుస్తకం రాశాడు. ఆ విద్య కిన్నరరాజు అనే దేవత ఇచ్చిందని అందులో ఉంది. అంటే అప్పటికి మఠంలో చెప్పుకున్న కథే వేరు!

బోధిధర్ముణ్ణి శరీర సాధనతో ముడిపెట్టిన పుస్తకం "యిజిన్‌జింగ్" 1624 నాటిది. దాని ముందుమాట వెయ్యేళ్ల కిందటి సేనాని లీ జింగ్ రాసినట్టు వేశారు. అందులో ఒక కథలోని పాత్రను నిజమైన మనిషిగా చూపించడంతో దొంగ సంతకం బయటపడింది. కుంగ్‌ఫూకి ఆయనే మూలపురుషుడన్న మాట జనంలోకి పాకింది 20వ శతాబ్దపు అచ్చు పుస్తకాల వల్ల. 1930లోనే తాంగ్ హావో అనే చైనా చరిత్రకారుడు దాన్ని ఖండించాడు. సినిమాలు మాత్రం ఖండనను వదిలేసి కథను తీసుకున్నాయి.

మఠం గోడమీద నల్లని భిక్షువులు కుస్తీ పడుతున్న బొమ్మ ఉంది కదా అంటారు. ఉంది, కానీ అది 19వ శతాబ్దపు చిత్రం. అప్పటివాళ్లు ఏం నమ్మారో చెబుతుంది, 6వ శతాబ్దంలో ఏం జరిగిందో చెప్పదు.

భారతదేశం నుంచి బౌద్ధం చైనాకు వెళ్లింది, ధ్యానం అక్కడ చాన్ అయింది, జపాన్‌లో జెన్ అయింది. వీటికి వోచర్లున్నాయి. గర్వపడాలంటే ఇవి చాలవా? కుంగ్‌ఫూని పెంచింది తరతరాల చైనా సాధకుల చెమట. దాన్ని మన ఖాతాలో రాసుకోవడం న్యాయమా?

బాబాలు గాల్లోంచి విభూతి తీస్తే ఋజువు అడుగుతాం. మన ప్రాంతానికి పేరు తెచ్చే కథ దగ్గర అడగకపోతే మనది హేతువాదం ఎలా అవుతుంది?