అబ్బాజాన్ అంగూఠీలో ఎర్ర అఖీఖ్

అబ్బాజాన్ ఇంతఖాల్ తర్వాత ఆయన వెండి అంగూఠీ నాకు చేరింది. అందులో ఎర్రటి అఖీఖ్. మొన్న నగీనా వదులైందని తీసుకెళ్తే, దుకాణదారు దాన్ని వెలుగుకి ఎత్తి చూసి "అస్లీనే భాయ్, కానీ కాల్చిన రాయి" అన్నాడు. మనసు చివుక్కుమంది. కాల్చాక అస్లీ ఎలా అవుతుంది?

అవుతుందట. అఖీఖ్ అంటే సిలికా. కంటికి కనిపించనంత సన్నటి స్ఫటికపు పోగులు అల్లుకుని గట్టిపడిన రాయి. భూగర్భ శాస్త్రంలో చాల్సెడొనీ అంటారు. నలుపు తెలుపు చారలుంటే మనవాళ్లు సులేమానీ అంటారు. గుజరాత్‌లో భరూచ్ జిల్లా రతన్‌పూర్ దగ్గర తవ్వే రాళ్లు చాలావరకు మట్టిరంగులోనే ఉంటాయి. వాటిని ఎండబెట్టి, కుండల్లో పెట్టి, సన్నటి సెగ మీద కాలుస్తారు. రాయిలోని ఇనుము ఎర్రబడుతుంది. బట్టీలో ఇటుక ఎర్రబడినట్టే.

ఈ హునర్ హరప్పా నాటిది. లోథల్‌లో పూసల కార్ఖానా బయటపడింది. సింధు కారీగర్ల ఎర్ర పూసలు ఇరాక్‌లోని ఊర్ రాజ సమాధుల్లో దొరికాయి. అవి దాదాపు 4,500 ఏళ్ల కిందటివి.

రతన్‌పూర్ గుట్ట మీద బాబా గోర్ దర్గా ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ బుజుర్గే అఖీఖ్ తిజారత్‌ని పెంచారని గుజరాత్ సిద్దీల నమ్మకం. (సిద్దీలంటే మనకు హైదరాబాద్ ఏసీ గార్డ్సే గుర్తొస్తుంది.) ఒక రకం రాయికి బాబాగోరీ అనే పేరు కూడా ఉంది. తవ్విన రాయి ఖంభాత్ చేరేది, అక్కడ నగీనా అయి ఓడెక్కి అరబ్ దేశాలకు, ఆఫ్రికాకు వెళ్లేది. కాబట్టి యమనీ అని చెప్పి అమ్మేవన్నీ యమన్‌వి అనుకోకండి.

నకిలీని పట్టుకోవడం అంత ముష్కిల్ కాదు. అఖీఖ్ గాజు మీద గీత పెడుతుంది. చేతిలోకి తీసుకుంటే గాజుకన్నా చల్లగా తగులుతుంది. దాని మెరుపులో మైనపు నునుపు ఉంటుంది. భూతద్దంలో గుండ్రటి బుడగలు కనిపిస్తే అది గాజే. యాఖూత్ అని చెప్పి అఖీఖ్‌ని అంటగట్టేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త. యాఖూత్ ఇంకా గట్టిది, వేరే జాతి.

అయితే గాజుని గీసే ఆ రాయి దుమ్మే సాన పట్టేవాళ్ల ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ఖంభాత్‌లో, పక్కనున్న షకర్‌పూర్‌లో ఇళ్లలోనే మోటారు సానల మీద రాళ్లు అరగదీస్తారు. సన్నటి సిలికా దుమ్ము పిల్లలు పడుకునే గదిలోకీ వస్తుంది. దాంతో వచ్చే జబ్బు సిలికోసిస్. దానికి ఇలాజ్ లేదు. టీబీ అనుకుని ఏళ్ల తరబడి ఆ మందులు మింగేవాళ్లున్నారు.

నగీనా బిగించి ఇస్తుంటే దుకాణదారుని అడిగాను, ఇది ఏ ఊరిదని.

"ఖంభాత్‌దే అయ్యుంటుంది. ఎవరు అరగదీశారో ఎవరికి తెలుసు భాయ్?"