శీతల సరస్సు: దారి తప్పిన యొక వాద్యబృందము చరిత్ర



నేను గంగవరము వాడను. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. తిక్కన పద్యములు చదువుకొను నాకు సముద్రముల కావలి వాద్యబృందముతో పనియేమి యని మీరడుగవచ్చును. దానికి సమాధానము ప్రసంగము ముగియులోపల చెప్పుదును.

పాశ్చాత్య దేశములలో ‘మెటల్’ అను సంగీతరీతి యొకటి కలదు. విద్యుచ్ఛక్తితో మ్రోగు గిటారులు, ఉరుమువంటి మద్దెలలు దాని యంగములు. అందు మిక్కిలి తీవ్రమైన శాఖకు ‘ఎక్స్‌ట్రీమ్ మెటల్’ అని పేరు. ఆ శాఖలో గాయకుడు తరచుగా రాగము తీయడు, గర్జించును. చావు, యుద్ధము, ప్రళయము ఆ పాటలకు విషయములు. నా మనుమడు మొదట వినిపించినపుడు నేను చెవులు మూసికొంటిని. వాడు నవ్వి, “తాతా, గంగమ్మ జాతరలో పంబలు మోగేటప్పుడు కూడా ఇట్లే చెవులు మూసుకుంటావా?” అని యడిగెను. నాకు బదులు తోచలేదు. లోని భయమును శబ్దముగా మార్చి యెదుర్కొనుట మన యూళ్లలోను కలదు గదా!

స్విట్జర్లాండు దేశమున జూరిచ్ నగరమునకు సమీపమున న్యూరెన్స్‌డార్ఫ్ అను పల్లె కలదు. అచ్చటి యువకుడు థామస్ గాబ్రియల్ ఫిషర్ 1980 తరువాతి తొలి యేండ్లలో స్నేహితులతో కూడి ‘హెల్‌హామర్’ అను బృందమును స్థాపించెను. వారికి శాస్త్రజ్ఞానము తక్కువ, పట్టుదల యెక్కువ. పత్రికలవారు వారిని పరిహసించిరి. 1984లో ఫిషర్ ఆ బృందమును చాలించి, మార్టిన్ ఎరిక్ ఏన్ అను మిత్రునితో ‘సెల్టిక్ ఫ్రాస్ట్’ అను క్రొత్త బృందమును నిలిపెను. ఆ యేడే ‘మార్బిడ్ టేల్స్’ అను రికార్డును, 1985లో ‘టు మెగా థెరియన్’ను వెలువరించిరి. ఈ రెండవదాని యట్టపై బొమ్మ గీసినవాడు గీగర్ అను స్విస్ చిత్రకారుడు. ‘ఏలియన్’ అను చలనచిత్రమునకు చేసిన పనికై 1980లో ఆస్కార్ బహుమతి పొందిన బృందములో నొకడు.

1987లో ‘ఇంటు ది పాండెమోనియం’ వచ్చెను. ఇందు వారు తమ పద్ధతినే మార్చివేసిరి. వయొలిన్ల మేళవింపు, స్త్రీకంఠములు, బోదలేర్ అను ఫ్రెంచి కవి పద్యము, ఇవన్నియు ఆ భీకరనాదమున చేరినవి. కొందరు ముక్కున వ్రేలు వేసికొనిరి. అయినను దానిని గొప్ప రచనగా నేటికిని లెక్కింతురు. మార్పు విషయమై నేను తరువాత చెప్పబోవు మాటకు ఈ సంగతి యాధారము గనుక మరువకుడు.

ఈ రికార్డు నాటికే రికార్డు కంపెనీతో తగవులు ముదిరెను. అమెరికా ప్రయాణము వారిని అలసటకు గురిచేసెను. బృందము విడిపోయెను. పిదప ఫిషర్ క్రొత్తవారిని చేర్చుకొని, ఏన్ లేకుండగనే, 1988లో ‘కోల్డ్ లేక్’ అను రికార్డు చేసెను. ఆ పేరునకు శీతల సరస్సు అని యర్థము. ఆ దినములలో అమెరికాలోని లాస్ ఏంజలీస్ నగరపు బృందములు తల వెండ్రుకలు గుబురుగా పెంచి, ముఖమునకు రంగులు పూసికొని, తేలికయైన శృంగారగీతములతో లక్షలాది రికార్డులు అమ్ముచుండెను. సెల్టిక్ ఫ్రాస్ట్ వారును ఆ వేషమే ధరించిరి. ఆ పాటలవంటి పాటలే పాడిరి. ప్రళయమును పాడిన గొంతు సరసములాడ నారంభించెను.

ఎదురుచూచిన శ్రోతలకు కలిగిన యాశాభంగము ఇంతింత కాదు. వారు కోపించిరనుటకంటె మోసపోయినట్లు భావించిరనుట సత్యము. 1990లో వచ్చిన మరియొక రికార్డుతో కొంత సరిదిద్దుకొన యత్నించిరి గాని, 1993లో బృందము ముగిసెను.

ఇందు తప్పెక్కడ? మార్పు తప్పనుట సరికాదు. 1987లో వారు చేసిన మార్పు ఇంతకంటె పెద్దది. వయొలిన్ విదేశవాద్యమే, బాలస్వామి దీక్షితులు దానిని మన సంగీతమున ప్రవేశపెట్టగా అది మనదే యయ్యెను. లోపలినుండి పుట్టిన మార్పు చెట్టుకు వచ్చిన చిగురు. అంగడి చూచి తెచ్చుకొన్న మార్పు కొమ్మకు కట్టిన కాగితపు పువ్వు.

ఈ మాట నేను తీర్పరినై చెప్పుట లేదు. ఇంచుమించు ఆ కాలముననే నేనును ఆ తప్పు చేసితిని. మా చిత్తూరు జిల్లా పల్లెలలో ద్రౌపదమ్మ గుడియొద్ద పదునెనిమిది దినములు భారతము జరుగుట మీరెరుగుదురు. పగలు కథాకాలక్షేపము, రాత్రి నాటకము. ఒక యూర నేను కథ చెప్పుచుంటిని. జనము పలుచబడుట చూచి, వస్త్రాపహరణ ఘట్టమున సినిమా వరుసలు చొప్పించితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి, నేను పొంగిపోతిని. కథ ముగిసిన పిమ్మట ఒక ముసలి రైతు నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, ద్రౌపదమ్మ కోసరం ఏడుద్దామని వస్తిని. ఏడ్వనీకుండా చేస్తిరే!” అని కండువా దులుపుకొని వెడలిపోయెను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మరునాడు పాత వరుసలనే చెప్పితిని. ఆయన మరల రాలేదు.

ఫిషర్ కథలో నన్ను ముఖ్యముగా ఆకర్షించినది తరువాతి భాగము. అతడు తన తప్పును సమర్థించుకొనలేదు. ‘కోల్డ్ లేక్’ తన జీవితమందలి హీనమైన రచన యని తానే బాహాటముగా చెప్పెను. 1999లో పాత రికార్డులను మరల ముద్రించినపుడు దానిని చేర్చలేదు, 2017లోను చేర్చలేదు. 2001లో ఫిషర్, ఏన్ మరల కలిసికొనిరి. తొందరపడక, తమ సొమ్ము తామే వెచ్చించి, యేండ్ల తరబడి శ్రమించి 2006లో ‘మోనోథీయిస్ట్’ను వెలువరించిరి. అది మునుపటివాని యనుకరణము కాదు. వయసు మళ్లినవారి దుఃఖము, బరువు అందు కలవు. శ్రోతలు దానిని ఆదరముతో స్వీకరించిరి. ‘కోల్డ్ లేక్’కును దీనికిని నడుమ గడచినవి పదునెనిమిది సంవత్సరములు. 2008లో ఫిషర్ బృందమును విడిచెను. సెల్టిక్ ఫ్రాస్ట్ ముగిసెను. 2017లో ఏన్ మరణించెను.

పెద్దలారా! మన పల్లెలలో నేడును భారతములు జరుగుచున్నవి. కథకులు, వేషధారులు ఉన్నారు. వారిలో నెవడైన చప్పట్లకై దారి తప్పినచో మౌనముగా లేచిపోకుడు. ఆ ముసలి రైతువలె దగ్గరకు పోయి యొక్క మాట చెప్పుడు. చెప్పిన పిమ్మట మరునాడు కూడ వచ్చి కూర్చుండుడు. సరిదిద్దుకొన్నవాని పాట వినుటకు ఎదుట నొకడు ఉండవలయును గదా! ఆ రైతు మరునాడు వచ్చియుండిన బాగుండునని నాకు నేటికిని తోచుచుండును.