బాలచంద్రుడు (పల్నాటి వీరగాథలో బాలనాయకుడు)

పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడు, ఐతాంబల కొడుకు; మాంచాల భర్త; కారెంపూడి రణరంగంలో ప్రాణాలు విడిచిన వీరుడు. యుద్ధం 1176 ప్రాంతంలో జరిగిందని కొందరు, 1182లో జరిగిందని మరికొందరు రాశారు. ప్రధానాధారం గాథే కాబట్టి 12వ శతాబ్ది చివరి పాదం అనడం క్షేమం. ఈ గాథను చెప్పే ద్విపద కావ్యానికి కర్త శ్రీనాథుడన్నది సంప్రదాయం. 1911లో అక్కిరాజు ఉమాకాంతం ఆ కావ్యాన్ని ప్రచురించారు. కర్తృత్వంపై వాదాలున్నా, కథకు ఊపిరి వీరవిద్యావంతుల గానమేనన్న మాట ఎక్కువ నమ్మదగినది.

ఈ బాలవీరుణ్ణి ఆధునిక కల్పనతోనూ పోల్చి చూడవచ్చు. బాలమేధావిని సేనానిగా నిలిపే సైనిక విజ్ఞాన కల్పనకు ఆర్సన్ స్కాట్ కార్డ్ రాసిన 'ఎండర్స్ గేమ్' (కథగా 1977, నవలగా 1985) ప్రసిద్ధ ఉదాహరణ. తెలుగులో అందులోని బాలసేనాని ఎండర్‌కు దగ్గరివాడు అభిమన్యుడి కన్నా బాలచంద్రుడే. పద్మవ్యూహంలోకి వెళ్లమని అభిమన్యుణ్ణి ధర్మరాజు తెలిసే అడిగాడు. ఎండర్, బాలచంద్రుడు ఇద్దరి దగ్గరా పెద్దలు నిజం దాచారు. ఎండర్ చేత ఆట పేరుతో అసలు యుద్ధం చేయించారు. బాలచంద్రుణ్ణి యుద్ధానికి దూరంగా ఆటల్లో ఉంచారు. అతని బొంగరం తగిలి గాయపడిన స్త్రీ నిష్ఠూరమాడాకే తండ్రి కయ్యానికి వెళ్లాడని తెలిసింది. తల్లి వారించినా ఆగలేదు. ఒకచోట ఆట యుద్ధాన్ని కప్పింది, మరోచోట బయటపెట్టింది. పసివాళ్లు చేసిన యుద్ధానికి జవాబుదారీ ఎవరన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా పెద్దల వైపే తిరుగుతుంది.

బాలచంద్రుడిది ఆవేశమే గాని మేధ కాదన్న అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. ఎత్తుగడలు బ్రహ్మనాయుడివి, ప్రత్యర్థి పక్షపు నాగమ్మవి, బాలుడివి కావు. అయితే పాత్ర మీద నడిచే కథకు వ్యూహరచన ఒక్కటే కొలత కాదు. సంధికి మొగ్గుతున్న పెద్దల ముందు నిలిచి, వాదించి, కథను యుద్ధం వైపు మళ్లించినవాడు అతనే. ఆ మొండితనం వినాశానికి దారితీసినా గాథ అతణ్ణి తక్కువ చేయలేదు, నష్టాన్నీ దాచలేదు. దాని గొప్పతనం అక్కడే ఉంది. పెళ్లయినవాణ్ణి బాలుడనవచ్చా అన్నది రెండో అభ్యంతరం. బాల్యవివాహాలున్న సమాజంలో పెళ్లి వయసుకు సాక్ష్యం కాదు, పైగా గాథే అతని చేతిలో బొంగరం పెట్టింది.

వెండితెర మీద 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు, తెనాలి రంగస్థలం నుంచి వచ్చిన గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు. 1966లో అదే పేరుతో వచ్చిన చిత్రంలో బ్రహ్మనాయుడిగా ఎన్.టి. రామారావు, నాగమ్మగా భానుమతి నటించారు.